చెరకు తోటలో పడిన రాయి

మాఘమాసం, శుక్రవారం, పొద్దున తొమ్మిదిన్నర. అప్పటికి నాకు గడియారం చూడటం రాదు. ఫ్యాక్టరీ తొమ్మిది కూత నేనే విన్నాను, మిగతా అరగంట మా మరిది తన చేతి గడియారం చూసి చెప్పాడు. ఉయ్యూరు పక్కన మా తోటలో చెరకు నరుకుతున్నారు. మబ్బు తునక లేని ఆకాశంలో పెద్ద చప్పుడైంది. అదే నిమిషాన గట్టు మీద నిలబడ్డ మామగారు కూలిపోయారు. పరుగెత్తాం. ప్రాణం లేదు. గుండె ఆగిందని తర్వాత డాక్టరు చెప్పాడు. కానీ మేం చూసింది వేరు. గట్టు కింద, చెరకు మోళ్ల మధ్య, కొబ్బరికాయంత రాయి.

మాది ఒండ్రునేల. బావి తవ్వినా గులకరాయి తగలదు. రోలు కావాలన్నా కొండల వైపు నుంచి తెచ్చుకోవాల్సిందే. అలాంటి చేలో రాయి కనపడితే మా వాళ్లకు ఒక్కటే తోచింది. పైనుంచి పడింది.

"ఇంట్లో కాలు పెట్టి పదకొండు రోజులు కాలేదు, ఆకాశం ఊడిపడిందమ్మా!" అంది అత్తగారు.

ఆ మాట మా తోడికోడలిని. మైలవరం పిల్ల, మరిది భార్య. కూలీలకు తెచ్చిన మజ్జిగ చెంబు చేతిలో అలాగే ఉంది. నా వైపు తిరిగి, "అక్కా, నువ్వయినా చెప్పు" అంది.

నేను చెప్పలేదు.

చెప్పాల్సింది ఇదీ: పదకొండు రోజుల కిందట ఆ పిల్ల సారె తెచ్చిన లారీ ఆ గట్టు వాలులోనే ఆగింది. జారకుండా డ్రైవరు వెనక చక్రం కింద ఒక రాయి పెట్టాడు. మైలవరం నుంచి బండిలో వేసుకొచ్చిందే. లారీ వెళ్లిపోయింది, రాయి ఉండిపోయింది. ఎవరి కాలు తగిలి కిందికి దొర్లిందో! అదే రాయి అని నాకు అనిపించింది. అత్తగారి నోటికి ఎదురు చెప్పాలంటే భయం. నోరు మూసుకున్నాను.

దినాలు అవగానే పిల్లను పుట్టింట్లో దిగబెట్టి వచ్చారు. మళ్లీ తీసుకురాలేదు. రాయికి మాత్రం పసుపు రాసి, బొట్టు పెట్టి దేవుడి మూల కూర్చోబెట్టారు. అత్తగారు పోయాక దీపం పెట్టే పని నాకొచ్చింది. వత్తి వెలిగించినప్పుడల్లా వెనక నుంచి "అక్కా" అని వినపడేది. ఒక్కసారీ తిరిగి చూడలేదు.

ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర మా అమ్మాయి ఫ్లాట్‌లో ఉంటున్నాను. రాయి కూడా నాతో వచ్చింది. అమ్మాయి కూతురు ఉత్తరాదిన ఒక ల్యాబులో పనిచేస్తుంది. వేరే గ్రహాల నుంచి వచ్చి పడ్డ రాళ్ల వయసు కట్టడం దాని ఉద్యోగం. సెలవుకొచ్చినప్పుడు అడిగాను.

"నా రాయి వయసు చెప్పవే."

"దేవుడికి బర్త్‌డే చేస్తావా అమ్మమ్మా?"

"వాగకు. అది పైనుంచి పడిందో లేదో నాకు తెలియాలి. అసలు వయసెలా కడతారే?"

"పెరుగు గిన్నె చూసి ఎప్పుడు తోడేశారో చెప్తావు కదా, అలాగే. రాయి పుట్టినప్పటి నుంచి లోపల ఒక పదార్థం ఇంకోటిగా మారుతూ ఉంటుంది. ఎప్పుడూ ఒకే వేగం. ఎంత మారిందో కొలుస్తాం."

ఒక ముక్క కోయించి పట్టుకెళ్లింది. నిజం చెబుతున్నాను, అది ఆకాశం రాయే కావాలని మొక్కుకున్నాను. మొక్కింది కూడా ఆ రాయికే. పైనుంచి పడిందే అయితే నేను దాచింది ఏమీ లేనట్టు.

కొన్ని నెలలకు ఫోన్ వచ్చింది.

"నూట అరవై కోట్ల ఏళ్లు అమ్మమ్మా."

"అయితే పైదేనా?"

"పైనుంచి పడేవి చాలావరకు నాలుగు వందల యాభై కోట్లవి. మార్స్ రాళ్లలో నూట ముప్పై కోట్లవీ ఉన్నాయి."

గుండె తేలికైంది. మనవరాలు అక్కడితో ఆపలేదు.

"కానీ వయసొక్కటే చూడం. కిందికి పడేటప్పుడు పైపొర కాలి పెంకు కడుతుంది. దీనికి లేదు. ఆ నలుపంతా నీ దీపం మసి. లోపలంతా భూమి రాయే. మైలవరం వైపు కొండల్లో ఇలాంటిదే దొరుకుతుంది."

"మరి ఆ చప్పుడో?"

"చప్పుడు సంగతి రాయికేం తెలుసు అమ్మమ్మా?"

అదంతా తెలుగులో కాగితం మీద రాసి పంపమన్నాను. అరవై దాటాక నేర్చుకున్న అక్షరాలు నావి. కూడబలుక్కుని మూడుసార్లు చదివాను. తర్వాత మరిదికి ఫోన్ చేసి వినిపించాను. లారీ సంగతీ చెప్పాను.

"మైలవరంలో తను పోయి ఏడేళ్లయింది వదినా. ఇప్పుడు చెప్పి ఏం లాభం?" అన్నాడు.

రాయికి దీపం మానేశాను. అయినా "అక్కా" అని వినపడుతూనే ఉంది. ఇప్పుడు వత్తి వెలిగించక్కర్లేదు. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం: మామగారు. అత్తగారు. నా భర్త. గడియారం చూసిన మరిది. కత్తులు కింద పెట్టి వచ్చిన ఆరుగురు కూలీలు. మజ్జిగ చెంబుతో మా తోడికోడలు. రాయి ఎక్కడిదో తెలిసిన నేను.