రత్తమ్మగారి అరుగు మీద రీజనల్ మేనేజరు

1986లో నేను అద్దంకిలో ఓ పెద్ద డీజిల్ ఇంజన్ల కంపెనీకి సర్వీస్ ఇంజనీరుగా ఉండేవాణ్ణి. ఇంజన్లు అమ్మేది డీలరు. అవి మొరాయిస్తే వెళ్ళి చూసేది నేను. పెద్ద కంపెనీ కావడంతో సుఖాలు బాగానే ఉండేవి. ఒకటో తారీఖున జీతం, జేబు మీద కంపెనీ పేరు కుట్టిన చొక్కా, తిరగడానికి మోటారుసైకిలు. పెళ్ళిచూపులకు వెళితే కంపెనీ పేరు వినగానే రెండో స్వీటు వడ్డించేవారు. చిక్కల్లా ఒక్కటే. ఫ్యాక్టరీలో ఎంతమంది పనిచేసినా, అద్దంకి చుట్టుపక్కల రైతులకు కంపెనీ అంటే నేనే.

ఆ ఏడాది మిరప పూత మీదుండగా గుండ్లకమ్మ ఒడ్డునున్న ఓ ఊరి నుంచి కబురొచ్చింది. రత్తమ్మగారని, భర్త పోయాక తనే సేద్యం చేయిస్తున్న ఆవిడ. ఏటి నీళ్ళు తోడే కొత్త ఇంజను ఆగిపోయింది. చూస్తే ఫ్యూయల్ పంపు పోయింది. డీజిల్ను కొలిచినట్టు, ఒత్తిడితో ఇంజన్లోకి కొట్టే భాగం అది. వారంటీలో ఉన్న పంపు సీలు పొలంలో విప్పకూడదని రూలు. మద్రాసు డిపో నుంచి కొత్తది రావాలి.

"ఎప్పుడొస్తది?" అని అడిగింది రత్తమ్మగారు.

"టెలిగ్రాం ఇస్తానండి. వాళ్ళు పరిశీలించి పంపుతారు."

"వాళ్ళు పరిశీలించేలోగా నా పూతంతా రాలిపోద్ది. నీ బండి తాళం ఓసారి ఇటియ్యి నాయనా."

ఎందుకో అనుకుని ఇచ్చాను. ఆవిడ దాన్ని కొంగున ముడేసి బొడ్లో దోపుకుంది.

"పంపు వచ్చిందాకా ఇక్కడే ఉండు. అన్నానికి లోటు లేదు. టెలిగ్రాం మా పాలేరు ఇచ్చొస్తాడు."

బస్సెక్కి పారిపోవచ్చు. కానీ కంపెనీ బండిని వదిలేసి పోతే ఉద్యోగం మిగలదు. ఉండిపోయాను.

మర్యాదకేం తక్కువ లేదు. గోంగూర, ముద్దపప్పు, గడ్డపెరుగు, మధ్యాహ్నం కునుక్కి నులకమంచం. అయితే ఇంజన్ల కంపెనీ మనిషి ఊళ్ళో ఉన్నాడని తెలిసి రేడియోలు, కుట్టుమిషన్లు, ఓ గోడగడియారం వచ్చిపడ్డాయి. నాకు రావంటే ఎవరూ నమ్మలేదు. చర్చి పాస్టరుగారు మైకు సెట్టు తెచ్చారు. అదీ రాదన్నాను. ఆయన నొచ్చుకోకుండా, ఆదివారం ఆరాధనలో నా పంపు కోసం ప్రార్థన చేయిస్తానని వెళ్ళారు.

పంపు కావాలన్న టెలిగ్రాంకు జవాబు రాలేదు. కంపెనీ మోటారుసైకిలు రైతు స్వాధీనంలో ఉందని ఇంకోటి కొట్టించాను. మర్నాడే విజయవాడ నుంచి తెల్ల అంబాసిడర్లో రీజనల్ మేనేజరుగారు టై కట్టుకుని దిగారు.

ఆయన అరుగు మీద కూర్చుని వారంటీ అంటే ఏమిటో, ప్రొసీజరు అంటే ఏమిటో చాలాసేపు చెప్పారు. రత్తమ్మగారు మజ్జిగ ఇచ్చి, అడ్డు తగలకుండా అంతా విని, నా వైపు తిరిగింది.

"ఈయన నీకంటే పెద్దాయనా?"

"చాలా పెద్దాయనండి."

"అయితే ఇక నువ్వెళ్ళు నాయనా. ఈయనుంటాడు."

నా తాళం విప్పి ఇచ్చింది. కారు తాళం డ్రైవరు దగ్గర అప్పటికే తీసుకుంది. పక్క గదిలో డ్రైవరు రెండోసారి అన్నం పెట్టించుకుంటున్నాడు. మేనేజరుగారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "ఏదో ఒకటి చెయ్యవయ్యా," అన్నారు నెమ్మదిగా.

అద్దంకి పోస్టాఫీసు నుంచి డిపోకు ట్రంక్ కాల్ చేశాను. పంపు అనగానే, "మీ రిక్వెస్టు పరిశీలనలో ఉంది," అన్నాడు అవతలి మనిషి. మేనేజరుగారు రత్తమ్మగారింట్లో ఉన్నారనీ, పంపు వస్తేగానీ ఆవిడ వదలదనీ చెప్పాను. వెంటనే ఇంకెవరో ఫోను అందుకుని హడావుడిగా, "సార్ భోంచేశారా?" అని అడిగారు. మర్నాడు మధ్యాహ్నానికల్లా డిపో మనిషే పంపును ఒళ్ళో పెట్టుకుని టాక్సీలో వచ్చాడు.

పంపు బిగించి హ్యాండిల్ తిప్పాను. ఇంజను అందుకుంది. కాలవలోకి నీళ్ళు పడుతుంటే మేనేజరుగారు టై లేకుండా, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, గట్టు మీద నిలబడి చూశారు. ఇంజను తయారుచేసే కంపెనీలో అన్నేళ్ళు పనిచేసి, అది పొలానికి నీళ్ళు పెట్టడం చూడ్డం అదే మొదటిసారట. వెళ్ళేముందు, "ఇక్కడ రెండు పంపులు స్టాకు పెట్టించుకో. నేను సంతకం చేస్తా," అన్నారు.

రత్తమ్మగారు కారు తాళంతో పాటు ఓ సంచీ నిరుటి ఎండుమిరపకాయలు ఇచ్చింది. జరిగినదానికి కంపెనీ తరఫున చింతిస్తున్నామన్నారాయన.

"మీ కంపెనీ మంచిదే బాబూ," అంది ఆవిడ. "దూరంగా ఉంది, అంతే."

ఆ తర్వాత కుర్రాళ్ళు చాలామంది పెద్ద కంపెనీలో ఉద్యోగం ఎలా ఉంటుందని నన్ను అడిగారు. ఆవిడ మాటకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.