పరగడుపు ప్రయాణం

ఆ రోజుల్లో మా ప్రాంతంలో ఎవరికైనా కాలేయం చెడిందంటే వాడు త్రాగుబోతని లోకం నిశ్చయించేది. వట్టి కొవ్వు చేత కూడ అది చెడగలదని నమ్మేవారు వైద్యులొక్కరే. రెండువేల సంవత్సరం అటూ ఇటూగా నేను పొదిలిలో ఒక ప్రైవేటు కళాశాలలో తెలుగు ఉపన్యాసకుడిగా చేరి, మేడమీది గదిలో ఒంటరిగా ఉంటూ, మెస్సులో గోడకెదురుగా కూర్చుని వేపుళ్ళు ఆరగిస్తూ (గోడ ఉత్తమ శ్రోత, ఏనాడూ అడ్డు చెప్పలేదు), ముప్పై నిండక మునుపే బొజ్జ సంపాదించాను. కుడి డొక్కలో బరువుగా ఉన్నదని గుంటూరు వెళ్ళగా, వైద్యుడు స్కానింగు చూసి కాలేయానికి కొవ్వు పట్టినట్లున్నదన్నాడు. "రక్తంలో కొవ్వులెంత ఉన్నాయో చూస్తేగాని ఇదేపాటిదో తేలదు మాస్టారూ. వచ్చే వారం పరగడుపున రండి. మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టకండి," అని హెచ్చరించాడు. ఆ వారమంతా భయంతోనే గడిచింది. మంచాన పడితే ఎవరికి కబురు పెట్టాలో ఎంత ఆలోచించినా ఒక్క పేరైనా తోచలేదు.

పరీక్షనాడు మొదటి బస్సెక్కాను. ప్రక్క సీటులో ఒక వృద్ధ రైతు. మిరప బస్తాలను ముందురోజే లారీలో గుంటూరు మిర్చి యార్డుకు పంపి, తాను వెనుక బయలుదేరాడట. అద్దంకి దాటగానే ఆయన ఒడిలో కారియరు విప్పాడు. ఒక గిన్నెలో గారెలు, మరొక దానిలో మీగడ పెరుగన్నం.

"కానీండి పంతులుగారూ."

"నేను తినకూడదండీ. మీరు కానీండి."

"ఏం, ఒక్కపొద్దా?"

"కాదండీ, రక్తపరీక్ష."

"నెత్తురు తీయించుకునేటోడు కడుపు మాడ్చుకుంటే వాళ్ళకేం దొరుకుద్దయ్యా? ముందు తినండి!"

నేను భుక్తాన్నజనిత మేదోవృద్ధిని గురించి దీర్ఘసమాసాలతో ఉపన్యసించాను. ఆయన సాంతం విని, కారియరు మూత పెట్టేశాడు. "పక్కన మనిషి పస్తుంటే నాకు ముద్ద దిగదు. యార్డులో ఏ గొడ్డుకో పెడతాలే." ముందు సీటులోని ఒక అమ్మ వెనుదిరిగి, "పెద్దాయన్ని పస్తుంచుతావా? చదువుకున్నోడివేగా, ఆ బెట్టేందయ్యా!" అని గద్దించింది. ఒక్క గారె పుచ్చుకున్నాను. ఆయన "ఇంకోటి" అన్నాడు. పొదిలి వచ్చిన తరువాత నాతో ఎవరూ అనని మాట అది. గిన్నెలు రెండూ ఖాళీ అయినవి.

ల్యాబు అమ్మాయి "రాత్రేమైనా తిన్నారా సార్?" అని అడిగింది. "లేదమ్మా," అని సత్యమే పలికాను (ఉదయపు సంగతి ఆమె అడగలేదు). రక్తాన్ని యంత్రంలో తిప్పిన పిమ్మట గొట్టంలో పైన తేరిన ద్రవం, అప్పుడే తిన్న కొవ్వుతో, పాలవలె తెల్లబారింది. "ఏంటి సార్, పాలకేంద్రం మింగొచ్చారా?" అని ఆమె ఆ గొట్టాన్ని వైద్యుని ముందు పెట్టింది.

"ఎవరు తినిపించారు మాస్టారూ?"

"బస్సులో ప్రక్క సీటాయన."

"మీకేమవుతారు?"

నిఘంటువులన్నీ మనసులో తిరగేశాను, మాట దొరకలేదు.

"వచ్చే వారం మళ్ళీ రండి. ఈసారి ఎవరి ప్రక్కనా కూర్చోకండి," అన్నాడాయన నవ్వుతూ.

ఆ నియమం నాకు సుసాధ్యం. ముందురోజే గుంటూరు చేరి, లాడ్జిలో గడియ వేసుకుని పడుకున్నాను. ఎవరూ తలుపు తట్టలేదు. ఈ మారు కొవ్వులు హద్దు మీరినా భయపడవలసినంతగా లేవు. వేపుళ్ళు మాని నడిస్తే కాలేయం కుదుటపడుతుందట. "ఇదండీ మీ అసలు లెక్క!" అని వైద్యుడు సంతోషించాడు. నేనూ సంతోషించాను, చెప్పుకోవడానికి మనిషి లేక, తిరుగు బస్సులో కండక్టరుతో చెప్పాను. "మంచిదండీ, చిల్లరుందా?" అన్నాడతను.

నేటికీ ఏటేటా పరగడుపున రక్తమిచ్చి వస్తుంటాను. నియమం తప్పను, లెక్కలూ హద్దు తప్పవు. మీవంటి క్రమశిక్షణ అందరికీ ఉండదంటారు ల్యాబువారు. అప్పుడల్లా, గారెలను వద్దనడానికి సమాసాలు కట్టిన ఆ యువపండితుణ్ణి తలచుకుని నవ్వుకుంటాను. వెర్రివాడు, తప్పిన పరీక్ష అనుకుని సిగ్గుపడ్డాడు. నా నెత్తురులో మరొకరి చేతి ముద్ద కనబడిన ఉదయం అదొక్కటే.