రాట్నం ఆగిన మధ్యాహ్నం

మా వాడకట్టులో ఎవరికైనా ఏదైనా జరిగితే ముందుగా మా చెవిన పడేది ఏడుపు కాదు, మగ్గం ఆగిపోవడం. పోచంపల్లికి నడిచి పోగలిగినంత దూరంలో ఉండేది మా ఊరు. ఇంటింటికీ గుంత మగ్గమే. నేల తవ్వి, ఆ గుంతలో కాళ్లు పెట్టి కూర్చొని నేసేవాళ్లు. తెల్లవారింది మొదలు దీపాలు పెట్టే దాకా ఒకటే మోత. మూడు వందల మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే గోడల సున్నం రాలిపడేది. మూడు వందలన్నది అబద్ధం, ముప్పై ఉంటాయేమో. సున్నం రాలడం మాత్రం నిజం. అది మగ్గాల వల్లనో, మా బాపు సరిగ్గా వేయించకపోవడం వల్లనో చెప్పలేను.

ఆ మోతలోనే పుట్టాం కనుక అది మాకు వినిపించేది కాదు. పోగు తెగితే మగ్గం ఆగుతుంది, అతికాక మళ్లీ మొదలవుతుంది. ఆ కాస్త ఆగడమూ అలవాటే. అంతకంటే ఎక్కువసేపు ఆగిందంటే మాత్రం పక్కింట్లోంచి "ఏమాయె?" అని కేక వచ్చేది. జవాబు రాకపోతే ఆ పక్కింటాయన తన మగ్గమూ ఆపి లేచి వచ్చేవాడు. గుంతలో తేలు కుట్టి ఉండొచ్చు, పాము దూరి ఉండొచ్చు. ఎదురింటి ముసలాయన నేస్తూ నేస్తూనే మగ్గం మీదికి ఒరిగిపోయిన రోజున, వంటింట్లోంచి ఆయన భార్య బయటికి వచ్చేసరికే వాకిట్లో జనం నిలబడి ఉన్నారు. ఆయన పోయాక ఆ మగ్గం తనంతట తానే ఆడిందని నేను చాలామందికి చెప్పాను. ఆడలేదు. గాలికి తాడు ఊగి కొయ్యకు తగిలేది, అంతే. కానీ ఆ చప్పుడు విన్న పిల్లలం ఎవరమూ మిట్టమధ్యాహ్నం ఆ గుమ్మం ముందు నుంచి ఒంటరిగా పోలేదు.

ఇలా పెంచి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చింది. ఊళ్లో నా పేరు కంటే "కోతలోడు" అన్న పిలుపే ఎక్కువగా నడిచేది. కోతలోడికి నిజం చెప్పాల్సిన అవసరం వస్తే ఏమవుతుందో నాకు ఎనిమిదేళ్లప్పుడు, యాభైల చివరలో, తెలిసింది.

మా ఇంటి వెనక భాగంలో కిటికీ లేని గది ఒకటి ఉండేది. నూలర్ర అనేవాళ్లం. నూనెలో, బూడిద నీళ్లలో నానబెట్టిన నూలు అక్కడ దండేల మీద వేలాడేది. ఎర్రరంగు అద్దిన కట్టలు ఆ చీకట్లో నల్లగా, తలలు లేని జడల్లాగా కనిపించేవి. లోపలికి పోతే తడి పోగులు మెడకు తగిలేవి. వాటి కొసల నుంచి చుక్కలు నేల మీద పడే చప్పుడు మాత్రం ఉండేది, టప్పున, ఆగి ఆగి.

పెద్దనాయిన కొడుకూ నేనూ ఆ ఇంట్లోనే కలిసి పెరిగాం. అన్న నాకంటే మూడేళ్లు పెద్ద. మా ఇద్దరి పని రాట్నం తిప్పి కండెలు చుట్టడం, అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్లలకు నూలు ఎక్కించడం. నూలు అయిపోతే అర్రలోంచి తెచ్చుకోవాలి. అదివరకు అన్నే తెచ్చేవాడు. ఆ వేసవిలో మాత్రం నన్ను తోయడం మొదలుపెట్టాడు.

"పోరా, నూలు తే."

"నువ్వే పో."

"దయ్యమంటే భయమారా? ఆడపిల్లవా?"

చెవి మెలిపెట్టేవాడు. జుట్టు పట్టుకొని గుమ్మం దాకా ఈడ్చుకుపోయి లోపలికి తోసి, నేను ఏడుస్తుంటే నవ్వేవాడు. ఒకటి మాత్రం వింతగా ఉండేది. నోరు నవ్వుతున్నా అతని కళ్లు నన్ను చూసేవి కావు, నా వెనక ఉన్న చీకటిని చూసేవి.

అదే వేసవిలో మా ఇంట్లో ఒక మనిషి దిగాడు. బాపు స్నేహితుడు. బాపు "బావా" అనేవాడు కనుక మాకు మామ. పట్నం నుంచి బస్సులో వచ్చి, మేం నేసిన రుమాళ్లు కొనుక్కుని, కొన్నాళ్లు ఉండి పోయేవాడు. అతను తాటిచెట్టంత పొడుగనీ, కళ్లు చింతనిప్పులనీ రాయాలని నాకు చేతులు దురదపెడుతున్నాయి. అలా ఉంటే ఎంత బాగుండేది! చూడగానే పారిపోయేవాళ్లం. అతను మా బాపు కంటే పొట్టి. నవ్వుముఖం. చెవిలో అత్తరు దూది, జేబులో పిప్పరమెంట్లు. అతని మాటలకు మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. పిల్లల్ని పట్టి ఒళ్లో కూర్చోబెట్టుకునేవాడు, దిగుతామంటే వదిలేవాడు కాదు. మేం గింజుకుంటే అమ్మే కసిరేది: "మామ ఒళ్లెకెల్లి గట్ల దుంకుతరారా? మర్యాద లేదు?"

ఒక మధ్యాహ్నం అన్న నన్ను నూలర్రలోకి తోశాడు. దండెం మీది కట్ట అందుకుంటుండగా వెనక తలుపు మూసుకుంది. అన్న ఆటే అనుకున్నాను. గాలి లేదు, కానీ నా పక్కన నూలు కదిలింది. చెయ్యి ఒకటి నన్ను పట్టుకుంది. గింజుకున్నా వదల్లేదు. ఆ పట్టుకున్న తీరు నాకు నచ్చలేదు. అంతకంటే చెప్పడానికి అప్పుడు నాకు మాటలు లేవు, ఇప్పుడు ఉన్నా చెప్పను.

"ష్... ఎవలికన్న చెప్పినవో, గీ అర్రలున్న దయ్యం మీ అమ్మను దీస్కపోతది."

ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. తెలుసని ఒప్పుకోవడానికి భయమేసింది. ఆ చెయ్యిని రక్తం వచ్చేలా కొరికి బయటపడ్డాను. లేదు, కొరకలేదు. ఆ ముక్క పెద్దయ్యాక నేను కలుపుకున్నది. చెమటకు అతని పట్టు జారింది, నేను తలుపు తోసుకుని పరుగెత్తాను.

మనిషని చెబితే అమ్మను దయ్యం పట్టుకుపోతుంది కదా, అందుకని దయ్యమనే చెప్పాను. "అర్రల దయ్యమున్నదమ్మా. నన్ను పట్టింది. దానికి మొసలి పండ్లున్నయి."

"నిన్న చెరువుల మొసలన్నవ్, గియ్యాల అర్రల దయ్యమంటున్నవ్" అంది అమ్మ పొయ్యి ఊదుతూ. "పో, పోయి కండెలు సుట్టు."

బాపు తల్లి, మా అవ్వ, వాకిట్లో ఆసు పోస్తోంది. మేకులు కొట్టిన కొయ్య మీద దారాన్ని అటూ ఇటూ తిప్పే పని అది. పొద్దంతా చెయ్యి ఆడుతూనే ఉండాలి. నా మాటలు విని దగ్గరికి పిలిచింది.

"దాని చెయ్యి తగిలిందారా నీకు?"

"తగిలింది."

"సల్లగున్నదా, ఎచ్చగున్నదా?"

ఆ ప్రశ్నకు కోత కొయ్యడం నాకు చేతకాలేదు. "ఎచ్చగున్నదవ్వా. చెమట గూడ పట్టింది."

"వాసనేమొచ్చింది?"

"అత్తరు."

అవ్వ చెయ్యి మేకు మీదే ఆగిపోయింది. "పండ్లు చూసినవా?"

"లే."

"మరెందుకట్ల జెప్పినవ్?"

"అట్లంటెనన్న నమ్ముతరని."

"పెంచి చెప్తే ఇనరు బిడ్డా. జరిగినంతనే చెప్పు. తక్కువనన్న చెప్పు, ఎక్కువ చెప్పకు."

ఆ సాయంత్రం బాపు అన్నం తింటుంటే అవ్వ ఆయనతో మాట్లాడింది. నేను గోడ పక్కన ఉన్నాను. బాపు గొంతు మాత్రమే పెద్దగా వినిపించింది. "గీ కోతలోని మాట వట్టుకొని నా బావను అనుమానిస్తవా అవ్వా? నువ్వు కండ్లార చూసినవా?"

బాపు నమ్మకపోతే అతను ఇంట్లోనే ఉంటాడు. రేపు నూలు అయిపోతుంది. నన్ను మళ్లీ లోపలికి తోస్తారు.

అవ్వ ఆ రోజే అతన్ని వెళ్లగొట్టి ఉండాల్సింది. ఎందుకు వెళ్లగొట్టలేదని నాకు ఈనాటికీ కోపమే. ఆమె చేసిందల్లా, తెల్లవారి నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టి ఒక్క మాట చెప్పడం. మా రాట్నం కీచు కీచుమని అరిచేది. అన్న దాని ఇరుసుకు నూనె పెట్టబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "అరువనియ్."

తరువాత నాతో అంది: "నీ ఒళ్లు నీది. నీకు నచ్చకుంట ఎవలన్న ముట్టుకుంటే వద్దని చెప్పు. ఇడువకుంటే ఉరుకు. ఉరుకరాకుంటే గీ రాట్నం ఆపు. గీ మోతల నువ్వు అరిస్తె ఎవలికి ఇనరాదు. ఆపితె ఇనవడ్తది. రెండు చేతులెత్తి ఆపు, ఎవలేమన్న మల్ల తిప్పకు."

"మామైతే?"

"మామైన, మీ బాపైన, నేనైన."

మరునాడు ఎండ వాకిట్లోకి వచ్చాక రాట్నాన్ని వెనక వసారాలోకి, నూలర్ర పక్కకి జరిపాం. అవ్వ లోపల నడుం వాల్చింది. బాపు ముందింట్లో నేస్తున్నాడు. అన్న నీళ్ల తొట్టి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. ముందు అత్తరు వాసన వచ్చింది, తరువాత పిప్పరమెంటు నా ఒళ్లో పడింది. వెనక నుంచి ఒక చెయ్యి నా భుజం మీద వాలింది.

"దా అల్లుడా, అర్రలకు పోదాం. దయ్యాన్ని సూపిస్త."

"నాకద్దు."

"అద్దంటే ఎట్ల?" చెయ్యి భుజాన్ని నొక్కింది. లేవబోతే లేవనివ్వలేదు.

నా కుడిచెయ్యి తిప్పుతూనే ఉంది. ఆపడం ఇంత కష్టమని నాకు తెలియదు. పని ఆపితే తిట్లు తప్ప మరేదీ ఎరగని చెయ్యి అది. రెండు చేతులూ పైకెత్తాను. చక్రం తనంతట తాను కాసేపు తిరిగింది. కీచు, కీచు, ఇంకా నెమ్మదిగా కీచు. ఆగింది.

"ఎందుకాపినవ్? తిప్పు" అన్నాడు నవ్వుతూ.

తిప్పలేదు. ముందింట్లో బాపు మగ్గం ఇంకా నాలుగు దెబ్బలు ఆడి ఆగింది. పక్కింట్లోంచి "ఏమాయె?" అని కేక వచ్చింది. ఎవరూ జవాబివ్వలేదు. ఆ మగ్గమూ ఆగింది. దాని తరువాతది, ఎదురుది, మూలమీదిది. ఎవరో వీధి వెంట నడుస్తూ ఒక్కొక్క దీపమే ఊదుకుంటూ పోతున్నట్టు వాడకట్టు అంతా ఆగిపోయింది. పట్టపగలు అంతటి నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. ఎదురింటి ముసలాయన మగ్గానికి తాడు తగులుతున్న చప్పుడు మాకు వినిపించింది. నూలర్రలో చుక్క పడింది. ఇంకో చుక్క పడింది. అతనికీ వినిపించింది. నా భుజం మీది చెయ్యి తీయడం కూడా మరిచిపోయి అలా నిలబడిపోయాడు.

అవ్వ గుమ్మంలో ఉంది. ఆమె నన్ను చూడలేదు, ఆ చెయ్యిని చూసింది. ఆమె వెనక బాపు.

"ఏమాయెరా?" అంది అవ్వ.

మొసలి పళ్లు నాలుక చివరి దాకా వచ్చాయి. మింగేశాను. "నాకద్దన్నా ఇడుస్తలేడు. మొన్న అర్రల పట్టింది గూడ గీనే."

అతను చెయ్యి తీసి పకపకా నవ్వాడు. "పోరడు పని ఎగ్గొడ్తున్నడు బావా! వీని కోతలు మనకు తెల్వయా?"

బాపు నా వైపు, అతని వైపు చూశాడు. ఆ చూపు ఎటు నిలుస్తుందో నాకు తెలియలేదు.

"వీని నోరు కోతలు కోస్తది" అంది అవ్వ. "చెయ్యి కొయ్యదు. వీడు పని నడుమ రాట్నం ఇట్ల ఆపంగ నువ్వెన్నడన్న చూసినవా?"

అప్పుడు నీళ్ల తొట్టి దగ్గర నుంచి ఏడుపు వినిపించింది. అన్న ఏడుపు. నాకు నొప్పి పెట్టినప్పుడల్లా నవ్విన అన్న, చేతుల్లో ముఖం పెట్టుకుని వెక్కుతున్నాడు. "నన్ను గూడ బాబాయ్. అందుకే నేను పోతలేను. వీన్ని తోలిన."

బాపు నమ్మింది ఆ మాటతోనే. నా మాటతో కాదు. అది నాకు తెలుసు, బాపుకూ తెలుసు. తరువాత మా ఇద్దరి మధ్య దాని ఊసు ఎన్నడూ రాలేదు.

వాడకట్టంతా కర్రలు పట్టుకుని అతన్ని కొత్తకోట దాకా తరిమిందని నా పిల్లలకు చెప్పాను. కొత్తకోట ఎక్కడ, మా ఊరెక్కడ! ఎవరూ ముట్టుకోలేదు. బాపు అతని సంచీని, చెప్పులను తెచ్చి వీధిలో పెట్టాడు. అతను చెప్పులేసుకుని నడిచాడు. ప్రతి గుమ్మంలోనూ ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు, ఏమీ అనలేదు. మగ్గాలన్నీ ఆగే ఉన్నాయి. చెప్పుల చప్పుడొక్కటే మూల తిరిగే దాకా వినిపించింది. తిరిగాక కూడా చాలాసేపు ఎవరూ గుంతలోకి దిగలేదు.

ఆ తరువాత అవ్వ ఇంటింటికీ పోయి పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని అడిగింది, రాట్నం మాట చెప్పింది. తల్లులకు ఇంకో మాట చెప్పింది: ఒళ్లోంచి దిగుతామన్న పిల్లల్ని దిగనివ్వండి. అమ్మ నన్ను మళ్లీ ఎవరి ఒళ్లోకీ పంపలేదు. తలకు నూనె పెట్టేముందు అవ్వ "పెట్టనా బిడ్డా?" అని అడిగేది. వద్దని చెప్పి నేను ఏడాది పాటు తలంటు తప్పించుకున్నాను. ఏడాది కాదు, రెండు వారాలు. పేలు పడ్డాయి, నేనే పోయి పెట్టమన్నాను. అన్న నన్ను కొట్టడం మానాడు. నూలుకు ఇద్దరం కలిసి పోయేవాళ్లం, తలుపుకు రాయి అడ్డం పెట్టి.

ముసలితనంలో నన్ను పట్టుకున్నది నూలర్ర కాదు, ఆ చెప్పుల చప్పుడు. అతను బస్సెక్కి ఎక్కడికో పోయాడు. ఇంకో వాడకట్టుకే కదా. అక్కడ రాట్నం ఆపమని ఎవరు చెప్పి ఉంటారు? మేం అతన్ని సాగనంపామే గాని, అతని వెనక ఒక్క కబురూ పంపలేదు. ఇంటి పరువని అందరం నోరు మూసుకున్నాం. ఆ నిశ్శబ్దం మాత్రం రాట్నం ఆపిన నిశ్శబ్దం లాంటిది కాదు.

ఇప్పుడు ఈ ఇంట్లో రాట్నం లేదు. పక్కగదిలో మనవరాలు బొమ్మలతో గలగలా మాట్లాడుకుంటూ ఉంటుంది. ఉన్నట్టుండి ఆ మాటలు ఆగుతాయి. మోకాళ్లు పట్టుకుని లేచి గుమ్మం దాకా పోతాను.

"ఏమాయె బిడ్డా?"

"ఏం లేదు తాతా, పో" అంటుంది.

నమ్ముతాను. తలుపు తెరిచే ఉంచి, మళ్లీ మాటలు మొదలయ్యే దాకా అక్కడే నిలబడతాను.