మూడు భాషల బీకాం

సూర్యాపేట ధాన్యం బజారులో సోమయ్య కొడుకు చంద్రమౌళిని అందరూ కోపిష్టి అనేవారు. ఆ కోపం ఎక్కడ మొదలైందో మాత్రం వాళ్లమ్మ నర్సమ్మకు బాగా తెలుసు.

బడిలో వేసిన కొత్తలో పిల్లవాడికి దాహమై నీళ్లు కావాలని పంతులును అడిగాడు. 'పానీ' అని ఉర్దూలో అడగలేదని పంతులు వాడిని బెంచీ ఎక్కించి సాయంత్రం దాకా నిలబెట్టాడు. మర్నాడు నర్సమ్మ బడికి వెళ్లి నిలదీసింది.

"దూప అయితున్నదంటే కూడా ఉర్దూలనే చెప్పాల్నా పంతులూ?"

"నన్నేం చెయ్యమంటవమ్మా, బడి నిజాం సర్కారుది. గీడ ఉర్దూలనే చెప్పాలె."

ఆ రోజు నుంచి చంద్రమౌళి ఉర్దూను కసితో నేర్చుకున్నాడు. ఇష్టం లేని భాషలోనే నల్లగొండలో మెట్రిక్ మొదటి శ్రేణిలో పాసయ్యాడు. వార్త తెలిసిన సోమయ్య ఇక కొట్లో కూర్చోమన్నాడు. చంద్రమౌళి ఒప్పుకోలేదు. హైదరాబాద్ వెళ్లి ఇంటర్మీడియట్, ఆపైన బీకాం చదువుతానన్నాడు.

"నాలుగేండ్లు సదివి మళ్ల గీ కొట్ల కూసునుడేనా?" అన్నాడు సోమయ్య.

"కొట్లనే కూసుంట నాయినా. గిట్ల మాత్రం కాదు. మిర్యాలగూడ మిల్లోళ్లు ఎంతంటే గంతకు వడ్లు పోసి వస్తున్నం. మనసొంటి చిన్న కొట్లోళ్లమంత కలిసి కంపెనీ పెట్టుకుంటే మిల్లు మనదే అయితది. కంపెనీ పెట్టాలంటే కానూన్ తెల్వాలె. గది బీకాంల చెప్తరు."

మిల్లు గుమ్మం ముందు బండి ఆపుకొని ధర కోసం గంటలకొద్దీ చేతులు కట్టుకొని నిలబడింది సోమయ్యే మరి. చివరకు సరేనన్నాడు.

అది 1945. చంద్రమౌళి ఆ నాలుగేళ్లనూ ముందే మనసులో పేర్చి పెట్టుకున్నాడు. ఇంటర్‌లో అర్థశాస్త్రం, వాణిజ్య భూగోళం, లెక్కలు రాసే పద్ధతి. బీకాం మొదటి ఏడు బ్యాంకుల వ్యవహారం, భాగస్వామ్య చట్టం. ఆఖరి ఏడు కంపెనీ చట్టం, లెక్కల తనిఖీ. సెలవులనూ వదల్లేదు. ఒక వేసవి కోదాడలో అక్క శ్యామల ఇంట్లో ఉండి, నిజాం సరిహద్దు నాకా దగ్గర సుంకం కట్టి సరుకు ఎలా దాటుతుందో చూడాలి. ఇంకో వేసవి మిర్యాలగూడలో మిల్లు పని చూడాలి. పట్టా చేతికొచ్చిన నాడు సూర్యాపేట బస్సు ఎక్కాలి.

మూడేళ్లు అనుకున్నట్టే నడిచింది. హాస్టల్ గదిలో హుజూర్‌నగర్ కుర్రాడు మహబూబ్ అలీ తోడు. మహబూబ్‌కు ఉర్దూ ఇంటి భాష. పుస్తకంలో మింగుడుపడని పారసీ మాట వస్తే చంద్రమౌళికి విడమరిచి చెప్పేవాడు. లెక్కలు చంద్రమౌళి అతనికి చెప్పేవాడు. ప్రతి పరీక్షలోనూ ముందు చంద్రమౌళి, వెనకాలే మహబూబ్.

1948 వేసవిలో చంద్రమౌళి మిర్యాలగూడ మిల్లులో పని చూస్తుండగా నిజాం సంస్థానం అల్లకల్లోలమైంది. ఒకపక్క రజాకార్లు, మరోపక్క ఊళ్లలో తిరుగుబాటు. బస్సులు నిలిచిపోయాయి. కోదాడ నుంచి అక్కా బావా సరిహద్దు దాటి జగ్గయ్యపేట వెళ్లిపోతూ అతన్నీ రమ్మని కబురంపారు. చంద్రమౌళి దొరికిన ఎడ్లబండ్లలో కోదాడ వెళ్లి వాళ్లను బండి ఎక్కించాడు. తను ఎక్కలేదు.

"ఇక్కడ ఇంకేం చదువయ్యా?" అన్నాడు బావ. "మాతో వచ్చేయ్. బెజవాడలో ఇంగ్లీషులో మొదటి నుంచి చదువుకుందువుగాని."

"మొదటి నుంచా బావా? నాకు ఒక్క యేడే మిగిలింది. ఉర్దూల సదివిందంత ఏటిల కలపాల్నా?"

సెప్టెంబరులో భారత యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్ల పీడ విరగడైంది. సూర్యాపేట బజారులో జనం మిఠాయిలు పంచుకున్నారు. ఇంటికి తిరిగొచ్చిన చంద్రమౌళి కూడా తిన్నాడు. ఇక చదువుకు అడ్డం లేదనుకొని హైదరాబాద్ చేరాడు.

కాలేజీ గోడ మీద ప్రకటన అంటించి ఉంది. ఇకపై పాఠాలు ఇంగ్లీషులోనే. ఆఖరి పరీక్ష కూడా ఇంగ్లీషులోనే.

మహబూబ్ అది చదివి గదికొచ్చి మంచమెక్కి పడుకున్నాడు. చంద్రమౌళి తోటి విద్యార్థులను వెంటబెట్టుకొని ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్లాడు.

"మేం మూడేండ్లు ఉర్దూల సదివినమండి. కొత్తగ చేరెటోళ్లకు ఇంగ్లీషు పెట్టుకోండి, కాదనం. మా జమాత్‌ను మాత్రం మొదలుపెట్టిన భాషలనే రాయనియ్యండి."

ప్రిన్సిపాల్ ఉత్తర్వు కాగితం ముందుకు తోశాడు. పక్కనే కొత్తగా వచ్చిన లెక్చరర్ నవ్వాడు.

"నిన్నటిదాకా ఉర్దూ మా నెత్తిన రుద్దారని మీరేగా ఏడ్చింది? ఇప్పుడు అదే కావాలంటారేమిటి?"

చంద్రమౌళికి ఒళ్లు మండిపోయింది.

"రుద్దిన్రు, నేర్చుకున్నం. ఆ కష్టం మాది. రుద్దినోళ్లను పంపిచ్చిన్రు, సంతోషం. మా కష్టాన్ని కూడ వాళ్ల ఎంట పంపిస్తమంటే ఎట్ల?"

"ఉత్తర్వు పైనుంచి వచ్చింది. నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు ప్రిన్సిపాల్.

చిన్నప్పుడు బెంచీ ఎక్కించిన పంతులు చెప్పిందీ ఇదే. ప్రభుత్వం మారింది, జెండా మారింది, మాట మాత్రం మారలేదు. చంద్రమౌళి ఆ రోజు అన్నం ముట్టలేదు. వారం తిరిగేసరికి మహబూబ్ పెట్టె సర్దుకున్నాడు.

"నువ్వు పోతే నేనెవనితోని సదవాలె?" అన్నాడు చంద్రమౌళి.

"నీకింక తెలుగు జబాన్ ఉన్నది భాయ్. సదువుకు నాకు ఉర్దూ ఒక్కటే ఉండె. అది కూడ ఖతం చేసిన్రు. హుజూర్‌నగర్‌ల మా మామ సైకిల్ దుకాణం ఉంది, పోత."

తన వెనకాలే నిలిచే తెలివైన కుర్రాడు పంక్చర్లు వేసుకోవడానికి వెళ్లిపోవడం చంద్రమౌళి మరచిపోలేదు. తనకు జరిగిన అన్యాయం కన్నా అదే అతన్ని ఎక్కువ కాల్చింది.

అతను మిర్యాలగూడకు బయలుదేరాడు. అక్కడి మిషన్ బడిలో అన్నమ్మ అనే పెద్ద పంతులమ్మ ఉండేది. తెల్ల దొరసానుల దగ్గర చదువుకుంది, ఇంగ్లీషు చక్కగా వచ్చు. చంద్రమౌళి తన పుస్తకాలు ఆమె ముందు పెట్టాడు.

"ఇంగ్లీషు నేర్పిస్త గని, నాకు నీ వ్యాపారం సదువు తెల్వదు కొడుకా," అంది అన్నమ్మ. "ముందుగాల నాకు అర్థమయ్యేటట్టు చెప్పు. అటెన్క వాక్యం నేను కూర్చిపెడత."

చంద్రమౌళి ఉర్దూలో మొదలుపెట్టాడు. సర్మాయా అన్నాడు.

"ఉర్దూ నాకు రాదు బిడ్డా. తెలుగుల చెప్పు."

పెట్టుబడి అన్నాడు. కంపెనీ మునిగితే భాగస్థుడు పెట్టిన వాటా వరకే పోతుందని, అతని ఇల్లూ వాకిలీ జోలికి ఎవరూ రాకూడదని చెప్పాడు. చెప్తూ చెప్తూ ఆగిపోయాడు.

"ఏమైందిరా?"

"మూడేండ్ల సంది సదువుతున్న పంతులమ్మా. గీ ముచ్చట తెలుగుల నోటితోని అనుడు నాకు గిదే మొదలు. ఎంత అల్కగ, తేలిగ్గ ఉన్నది సూడు. గింత అల్కటి దాన్ని మాకు ఎందుకు చెప్పలే? మా నాయిన గీడ కూసుంటే ఆయనకు కూడ అర్థమయితుండె."

అతను పుస్తకం మూసేశాడు. అన్నమ్మ ఓదార్చలేదు.

"కోపం రావాల్సిందే. వచ్చింది మంచిదే. ఇగ రాయి," అంది.

సెలవు దొరికినప్పుడల్లా మిర్యాలగూడ వెళ్లాడు. తెలుగులో చెప్పాడు, ఇంగ్లీషులో రాశాడు. 1949 ఎండాకాలంలో పరీక్ష రాశాడు. ప్రశ్నలన్నీ తెలిసినవే. తెలిసినదాన్ని రాని భాషలో రాయడానికి సమయం చాలలేదు. ప్రతి ఏడూ అందరికన్నా ముందున్నవాడు మూడో శ్రేణిలో బయటపడ్డాడు. అతనితో మొదలుపెట్టినవాళ్లలో సగం మంది ఆ పాటికి కాలేజీలోనే లేరు.

పట్టా పట్టుకొని సూర్యాపేట వచ్చాడు. కంపెనీ పెట్టే ముందు కొంతకాలం సర్కారు కొలువు చేస్తే అనుభవం వస్తుందని ధాన్యం సరఫరా ఆఫీసులో దరఖాస్తు పెట్టాడు. అక్కడ కొత్తగా వచ్చిన అధికారి కోస్తా సర్కారు జిల్లాల మనిషి. ఒకనాడు ఆ అధికారి ధాన్యం వర్తకులను పిలిపించి కొత్త నిబంధనలు వివరించాడు, మొదటి నుంచి చివరి దాకా ఇంగ్లీషులో. వర్తకులు తలలు ఊపారు. సోమయ్య కూడా ఊపాడు. తండ్రి అర్థం కాకుండా తల ఊపడం చూసి, ఆయన వెంట వచ్చిన చంద్రమౌళి లేచి నిలబడ్డాడు.

"అయ్యా, మీది ఏ ఊరు?"

"ఏలూరు. ఏం?"

"మీ ఇంట్ల తెలుగే కదా. మాది గూడ తెలుగే. మరి నడుమ గీ ఇంగ్లీషు ఎవరి కోసం?"

అధికారి ముఖం ఎర్రబడింది. "ఈ విషయాలకు తెలుగులో మాటలు లేవయ్యా. నీకు తెలియకపోతే కూర్చో."

"ఉన్నయ్. నేను చెప్త."

చెప్పాడు. లైసెన్సు ఎవరికి కావాలి, నిల్వ ఎంత దాటితే తప్పు, మిల్లువాడు రసీదు ఇవ్వనంటే ఎక్కడ ఫిర్యాదు చేయాలి, అన్నీ. చివరి మాట వినగానే వెనక వరుసలో ఒక ముసలి వర్తకుడు, "రసీదు ఇయ్యకుంటే అడగొచ్చా? ఇన్నేండ్లు ఎవ్వలు చెప్పకపాయె" అన్నాడు. గది గోలగోలగా అయింది. ఒక్కొక్కరూ లేచి మిల్లుల మీద తమ ఫిర్యాదులు చెప్పడం మొదలుపెట్టారు. అధికారి బయటకు నడిచాడు.

ఆ ఉద్యోగం చంద్రమౌళికి రాలేదు. ఇంగ్లీషు బలహీనమని రాసి దరఖాస్తు తిప్పి పంపారు. సోమయ్య బాధపడ్డాడు. "జర నోరు మూసుకుంటే ఏం పోయేదిరా?" అన్నాడు.

"ఏం పోయేది కాదు నాయినా. వచ్చేది గూడ ఏం లేదు."

ఆ ఏడు దసరా దాటాక తండ్రి కొట్టు వెనక గోదాములో సాయంత్రాలు పాఠం మొదలుపెట్టాడు. కొట్ల యజమానులు, గుమాస్తాలు గోనె సంచుల మీద కూర్చొని వినేవారు. అన్నీ తెలుగులోనే. హుజూర్‌నగర్‌కు రెండుసార్లు స్వయంగా వెళ్లి మహబూబ్‌ను పిలుచుకొచ్చాడు. వచ్చేవాళ్లకు లెక్కలు దిద్దే పని అతనికి అప్పగించాడు. పాఠం విన్నవాళ్లంతా వాటాలు వేసుకొని మిల్లు కోసం కంపెనీ పెట్టుకోవడానికి సిద్ధమయ్యారు. ఆ కాగితాలు సర్కారుకు పంపాల్సిన రోజున వాటిని ఇంగ్లీషులో రాసి తీసుకురమ్మన్నారు. చంద్రమౌళి పళ్లు కొరుకుతూ రాసి పెట్టాడు. రాస్తున్నంతసేపూ పక్కన కూర్చున్న తండ్రికి ప్రతి వాక్యం తెలుగులో చెప్పి, ఆయన సరేనన్నాకే తర్వాతి వాక్యానికి వెళ్లాడు.