చుక్క రాలని రక్తదానం

తుపాను మర్నాడు పొద్దున ఐదున్నరకు మా మిలటరీ వైద్యదళం లారీ శ్రీకాకుళం తీరంలో ఒక మత్స్యకారుల ఊరి బడి ముందు ఆగింది. మోకాలి లోతు నీళ్లు. విరిగిన కొబ్బరిచెట్లు. తుపానుకు ముందునుంచే ఊళ్లో పేరు తెలియని కొత్త జ్వరం. దోమలు మా కిట్‌బ్యాగులు దించి మోసేటంత పుష్టిగా ఉన్నాయి. నాది నెల్లిమర్ల, దోమల మధ్య పెరిగినవాణ్ణి. అయినా సెల్యూట్ కొట్టాను.

లోపలి గదిలో పోలమ్మ. ప్రసవమైంది, బిడ్డ క్షేమం, నెత్తురు ఆగడం లేదు. వెంటనే రక్తం ఎక్కించాలంది మా కెప్టెన్ డాక్టరమ్మ.

రక్తం పట్నం నుంచి రావాలి, మేం వచ్చిన రోడ్డు మా వెనకే కోసుకుపోయింది. రేడియో ఆపరేటర్ సెట్టు అందుకున్నాడు.

"రోడ్డు ఎప్పుడు తెరుస్తారు? ఓవర్."

"సాయంత్రానికి. ఓవర్."

పోలమ్మకు అంత టైం లేదు. దాతల్ని పిలిచాం.

అందరికంటే ముందు ఊరి నాయకుడు దిగాడు. ఒంటి మీద పొందూరు ఖద్దరు. ఊరి కప్పులన్నీ లేపేసిన గాలి ఆ ఇస్త్రీ మడతకు మాత్రం లొంగిపోయింది. వెంట పదిమంది మనుషులు, పదిహేను ఫోన్లు. వరసలో ముందున్న బోటు సరంగును మోచేత్తో తోసి, ఉన్న ఒక్క మంచం మీద వాలిపోయాడు. థర్మామీటర్ పెడితే జ్వరం లేదు.

అప్పుడే ఆయన భార్య జావ గిన్నెతో వచ్చింది.

"ఏటయ్యా, బుద్ధుందా నీకు? రాత్రంతా మూడు దుప్పట్లు కప్పినా వణికినావు. ఇందాకే జొరం బిళ్ల మింగినావు. ఇక్కడొచ్చి తొంగున్నావేటి?"

"ఊరుకోవే. ఫొటోలు తీస్తన్నారు."

డాక్టరమ్మ సూది ట్రేలో పడేసింది.

"మా పరీక్షలు పాత జబ్బుల్నే పట్టుకుంటాయి. మీ రక్తంలో ఈ కొత్త జ్వరం ఉంటే మాకు తెలీదు. బాలింత తట్టుకోలేదు. లేవండి."

"అయితే నెత్తురొద్దులెండి. గొట్టం ఒకటి అంటించండి, సాలు."

ఆయన బావమరిది అప్పటికే ప్లాస్టరుతో గొట్టం అతికించేశాడు. నాయకుడు పిడికిలి బిగించి, దేశం కోసం ఒరిగిపోతున్నవాడిలా నవ్వాడు. గోడ అవతల పోలమ్మ మూలుగుతోంది.

"హవల్దార్, మంచం ఖాళీ చెయ్!"

నా సర్వీసులో అంత ఇష్టంగా పాటించిన ఆర్డరు మరొకటి లేదు. దుప్పటితో సహా ఎత్తి, బయట బురదకు దగ్గరగా దించాను.

సరంగు పడుకున్నాడు.

"ఈమధ్య జ్వరం వచ్చిందా?" అడిగింది డాక్టరమ్మ.

"మూడు వారాలు బోటు మీదే ఉన్నానమ్మా. తుపానని మొన్నే దిగినాను. సంద్రంలోకి దోమలు రావు, నాయకులూ రారు."

గ్రూపు కలిసింది, పరీక్షలన్నీ సరిగ్గా వచ్చాయి. రక్తం ఎక్కింది. మధ్యాహ్నానికి పోలమ్మ కళ్లు తెరిచి, "ఆ ఫొటోల గోలేటి?" అని తిట్టింది. డాక్టరమ్మ అప్పుడు కూర్చుంది.

వారానికి తిరుగు ప్రయాణం. దారంతా ఫ్లెక్సీలే. మంచం మీద నాయకుడు, కింద 'ప్రాణదాత'. పోలమ్మ ఇంటి దగ్గర లారీ ఆపించాను. ఎగిరిపోయిన కప్పు స్థానంలో అదే ఫ్లెక్సీ, బొమ్మ లోపలికి తిప్పి కప్పారు.

"వాన కారతందా?" పోలమ్మను అడిగాను.

"లేదు బావూ. ఆ మారాజు పనికొచ్చింది దీనికే."

ఇళ్లు చేరాం, రిటైరయ్యాను. ఇప్పటికీ ఎక్కడ ఫ్లెక్సీ చూసినా నాకు కనబడేది అదే: చాప మీద వెల్లకిలా ఆ పసిగుడ్డు, పైన గొట్టం అతికించుకున్న ప్రాణదాతను కన్నార్పకుండా చూస్తూ, తీరిగ్గా ఉచ్చ పోస్తోంది.