ఎల్లయ్య పేరుకు అంటుకున్న తోక

1994 వర్షాకాలంలో నన్ను శంషాబాద్ దగ్గరి పాల్మాకుల పాల సేకరణ కేంద్రానికి పంపారు. పాలు తూచి, వెన్న శాతం చూసి, రైతు పేరుతో చీటీ ఇచ్చే యంత్రాన్ని మా చిన్న కంపెనీ తయారుచేసింది. అందులోని ప్రోగ్రామ్‌కు బాధ్యత నాది. మేము అమ్మిన మొదటి యంత్రం అదే.

కేంద్రం మేనేజర్ యాదయ్య గారు గుమ్మంలోనే ఎదురయ్యారు. "పేర్లు గిట్ల ఖరాబ్ చేస్తున్నది మేడం. మా కేంద్రం కమిటీ వద్దన్నా నేనే పట్టువట్టి పెట్టిచ్చిన. రేపటికి సక్కగ గాకుంటే వాపస్ పంపుమంటున్నరు. నా ఇజ్జత్ పోతది" అన్నారు.

పక్కన నిలబడి చూశాను. వరుసలో నర్సింహారెడ్డి గారు పాలు పోసి తప్పుకోగానే ఎల్లయ్య వచ్చాడు. చీటీ మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఎల్లయ్యహారెడ్డి అని పడింది. వరుసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఎల్లయ్య మాత్రం నవ్వలేదు. "నన్ను రెడ్డిని చేస్తే చేసింది గానీ, నా పాలు ఎవరి పేరు మీద వడ్డయి మేడం?" అన్నాడు. నాకు సిగ్గేసింది.

ఆ రోజుల్లో ప్రోగ్రామ్ ఉండే చిప్‌లో చోటు బహు తక్కువ. మేము ప్రోగ్రామ్ రాసే సి భాషతో పాటు, ఒక్కో చిన్న పని చేసిపెట్టే రెడీమేడ్ ఫంక్షన్లు వస్తాయి గానీ, అవన్నీ అందులో పట్టవు. అందుకని పేరు పొడవు లెక్కపెట్టడం, రెండు పేర్లు పోల్చడం, ఒకచోటి నుంచి మరోచోటికి కాపీ చేయడం, ఇవన్నీ మేమే రాసుకునేవాళ్లం. సిలో పేరు ఎక్కడ ముగిసిందో చెప్పేది చివర పెట్టే సున్నా. అది కనిపించేదాకా ప్రింటర్ అక్షరాలు కొడుతూనే పోతుంది. మా కాపీ ఫంక్షన్ అక్షరాలను బుద్ధిగా మోసుకొచ్చి, సున్నాను వదిలేసింది. పేర్లన్నీ మెమరీలో ఒకే చోట పడతాయి కాబట్టి, పొడుగు పేరు మీద పొట్టి పేరు రాస్తే పాతదాని తోక అలాగే మిగిలింది.

ఆఫీసులో ఇది బయటపడకపోవడానికి కారణం మా అలవాటే. ప్రతి పరీక్షకు ముందు యంత్రం ఆపి మళ్లీ వేసేవాళ్లం, మెమరీ శుభ్రమైపోయేది. కేంద్రంలో పొద్దున వేసిన యంత్రాన్ని పాలు అయిపోయేదాకా ఎవరు ఆపుతారు?

పాలు జమయ్యేది పేరు మీద కాదు, రైతుకిచ్చిన నంబరు మీద కాబట్టి అవి ఎల్లయ్యవిగానే ఉన్నాయని తెర మీద చూపించాను. "మరి చీటీ ఎందుకు అబద్ధమాడుతది?" అన్నాడు.

ప్రోగ్రామ్‌లో మార్చవలసింది ఒక్క వరుసే. కానీ చిప్‌ను అతినీలలోహిత దీపం కింద చెరిపి మళ్లీ రాయాలి, ఆ సరంజామా సిటీలో ఉంది. బస్సెక్కి వెళ్లి, మర్నాడు పొద్దున్నే కొత్త చిప్‌తో వచ్చాను. కమిటీ వాళ్లూ వచ్చారు. ఎల్లయ్యను ముందు పాలు పొయ్యమన్నారు ఎవరో. "ఊహూఁ, రెడ్డి ఎన్కనే నిలవడ్త. అప్పుడే అసలు సంగతి తెలుస్తది" అన్నాడు. నర్సింహారెడ్డి గారు పోశారు, తర్వాత ఎల్లయ్య పోశాడు. యాదయ్య గారు చీటీ అందుకుని పైకి చదివారు: "ఎల్లయ్య." అంతే, దాని వెనక ఏమీ లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. కమిటీ యంత్రాన్ని ఉంచుకుంది.

సొంతంగా రాసిన ఫంక్షన్‌ను ఖాళీ మెమరీ మీద పరీక్షించి ఊరుకోకూడదని అక్కడ నేర్చుకున్నాను. ముందు పొడుగు పేరు ఇచ్చి, ఆపకుండా వెంటనే పొట్టి పేరు ఇవ్వాలి. రిటైరయ్యేదాకా నా కింద పనిచేసిన ప్రతి ఒక్కరి చేతా ఈ పరీక్ష చేయించాను. చాలామందికి మొదటిసారి తోక మిగిలింది.