భూతద్దంగారి అమ్మాయి గుండీలు

చొక్కాల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ భూతద్దం అంటారు. ఎదురుగా కాదులెండి, వెనకాల. పద్దెనిమిదేళ్లుగా ఆయన పని ఒక్కటే, కుట్టి వచ్చిన చొక్కాని బల్ల మీద పరిచి వంక పెట్టడం. దారం ఒక్క పోగు బయటికి తొంగిచూసినా, గుండీ వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఆ చొక్కా వెనక్కి పోవాల్సిందే. వంక దొరకని రోజున ఆయనకి అన్నం సయించదని కుట్టుపనివాళ్లు చెప్పుకునేవారు. అబద్ధం. వంక దొరకని రోజంటూ ఆయన ఎరగడు.

అలాంటి మనిషికి ఆరేళ్ల కూతురు, అదీ గుండీ పెట్టుకోవడం రాని పిల్ల. మిక్సీ మోగితే చెవులు మూసుకుని మంచం కింద దూరేది. చిన్న వస్తువేదైనా వేళ్లలోంచి జారిపోయేది. బళ్లో టీచరు మొహమాటం లేకుండా చెప్పేసింది, నెలాఖరుకి తన గుండీలు తనే పెట్టుకుంటే పై తరగతి, లేదంటే ఇంకో ఏడాది ఇక్కడే. పిల్లకి ఉన్నదే ఒక్క స్నేహితురాలు. ఆ అమ్మాయి పైకి వెళ్లిపోతోంది. ఆ మాట విన్ననాటి నుంచీ భూతద్దం గుండెల్లో రాయి పడింది.

పిల్లని శనివారం శనివారం చూసే థెరపిస్టు, వేళ్లకి పట్టు రావడానికి ఇంట్లో చేయించాల్సిన పనులు రాసిచ్చింది. బియ్యం గిన్నెలో గుండీలు దాచి వెతికించడం, పిండిముద్ద పిసికించడం, బట్టల క్లిప్పులు డబ్బా అంచుకి పెట్టించడం, పూసలు గుచ్చించడం. పిల్ల చికాకు పడబోతోందని తోస్తే నెమ్మదించడానికి బట్టల బుట్టని గది ఈ మూల నుంచి ఆ మూలకి తోయించడం. అన్నీ ఆటల్లా జరగాలంది. ఆటలట! ఆ మాట మన భూతద్దం తలకెక్కితే కదా. ఇంటికి రాగానే ఫ్రిజ్ మీద పట్టిక అంటించాడు. క్లిప్పులకి ఏడు నిమిషాలు, పూసలకి పది.

అంతవరకైనా సరిపెట్టుకోవచ్చు. ఆయన చేతులు ఊరుకోవే! పిల్ల తంటాలుపడి పూసలు గుచ్చి లేవగానే, దారం విప్పి రంగుల వరుసలో మళ్లీ గుచ్చేవాడు. వంకర క్లిప్పులు తీసి సమానంగా పెట్టేవాడు. పిల్ల పిండితో కుందేలు చేస్తే, చెవులు సరిచేసి మరీ ఫొటో తీసి థెరపిస్టుకి పంపాడు. భార్య నర్సు. డ్యూటీ దిగి వచ్చి, తనని ఎవరు చేశారో ఆ కుందేలుకి కూడా తెలుసని దెప్పింది. ఆయన వినబడనట్టే పట్టికలో టిక్కు పెట్టుకున్నాడు. కొన్నాళ్లకి పిల్ల పూసల దగ్గర పేచీ పెట్టడం కూడా మానేసింది. మహానుభావుడు దాన్ని అభివృద్ధి అనుకున్నాడు.

శనివారం థెరపిస్టు ఆ ఫొటోలన్నీ చూసి మురిసిపోయి, పిల్లకి చొక్కా తొడిగి గుండీలు పెట్టుకోమంది. పిల్ల చేతులు వేలాడేసి నిలబడింది.

"పెట్టుకో తల్లీ," అందావిడ మళ్లీ.

పిల్ల మొహంలో ఏడుపు లేదు, విసుగు లేదు. "నేను పెట్టినా నాన్న తీసేసి మళ్లీ పెడతాడుగా. నాన్ననే పెట్టమనండి."

భూతద్దానికి తల కొట్టేసినట్టయింది. పద్దెనిమిదేళ్లలో ఆయన కంటపడని తప్పు అదొక్కటే, అదీ తనదే. థెరపిస్టు కాగితం తీసి ఇంకో పని రాసింది, ఈసారి తండ్రికి. పిల్ల చేస్తున్నంతసేపూ ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి, పిల్ల చేసినదాన్ని ముట్టుకోకూడదు. టిక్కులు భార్య పెడుతుంది. మొదటి మూడు రోజులూ ఆయనకి ఒక్క టిక్కూ పడలేదు.

నెలాఖరు రోజు పొద్దున పిల్ల తలుపు దగ్గర కూర్చుని పదకొండు నిమిషాలు గుండీలతో కుస్తీ పట్టింది. రెండో గుండీ మొదటి కాజాలోకి వెళ్లింది, మిగతావన్నీ దాని వెంటే నడిచాయి. కాలరు ఒక పక్క చెవిదాకా లేచింది. పిల్ల నాన్న మొహం చూడలేదు, చేతులు చూసింది. ఆయన ఆ చేతులతో తలుపు తీశాడు.

బడి గేటు దగ్గర టీచరు చూసి, అయ్యో అంటూ వంగి కాలరు మీద చెయ్యి వెయ్యబోయింది.

"ముట్టుకోకండమ్మా," అన్నాడు భూతద్దం. "అవి మా అమ్మాయి పెట్టుకున్న గుండీలు."

టీచరు చెయ్యి వెనక్కి తీసుకుని పిల్ల వంక చూసింది. అన్నీ నువ్వేనా అని అడిగింది.

"నాలుగు నేనే పెట్టాను," అంది పిల్ల. "ఒకటి మిగిలిపోయింది."

"ఫర్వాలేదులే," అంది టీచరు. "అది పై తరగతిలో పెట్టుకుందువుగాని."